కర్రను చివర నెడితే బలం రెండు వాటాలవుతుందా?

ప్రశ్న: నేను వరంగల్‌లో బి.టెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు కోసం, నున్నటి నేల మీద జారే కర్రను స్క్రీన్ మీద కదిలించే ప్రోగ్రామ్ రాస్తున్నాను. పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది, ఘర్షణ లేదు. మధ్యలో నెడితే కర్ర తిన్నగా పోతోంది. చివర నెడితే ముందుకూ పోవాలి, తిరగనూ తిరగాలి. మరి ఇచ్చిన బలంలో ముందుకు పోవడానికి ఎంత, తిరగడానికి ఎంత? ఇంటర్‌లో వాలు మీద దొర్లే స్థూపానికి మూడింట రెండు వంతులు ఒకదానికి, ఒక వంతు రెండోదానికి అని చదువుకున్నాం కదా అని బలాన్ని 2:1గా పంచాను. కదలిక చూస్తుంటే నమ్మబుద్ధి కావడం లేదు. మా రూమ్మేట్ "పంచొద్దు, మొత్తం బలాన్ని రెండింటికీ ఇవ్వు" అంటోంది. అలా ఇస్తే అదే దెబ్బకి కర్రకు నాలుగు రెట్ల శక్తి వస్తోంది. ఆ శక్తి ఎక్కడిది? ఇంకో సంగతి. క్యారమ్ బోర్డు మీద చెక్క స్కేలు పెట్టి స్ట్రైకర్‌తో కొట్టి చూశాను. చివర తగిలినప్పుడు స్కేలు నెమ్మదిగానే బయల్దేరింది. అంటే పంచుకున్నట్టే కదా? ఎవరిది రైటు సర్?

జవాబు: మీ రూమ్మేట్‌దే రైటు. బలాన్ని పంచకూడదు. క్యారమ్ బోర్డు మీద మీరు చూసిందీ నిజమే. ప్రోగ్రామ్ దిద్దుకోవడం చిన్న పని. కానీ ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తేలకపోతే, అదే అనుమానం రేపు వైవాలో ఇంకో రూపంలో మీ ముందుకొస్తుంది. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కర్రను బోలెడన్ని చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ఒక్కో ముక్కకీ న్యూటన్ రెండో నియమం రాసి అన్నిటినీ కూడండి. ముక్కలు ఒకదాన్నొకటి తోసుకునే బలాలు జంటలుగా ఉంటాయి, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కాబట్టి కూడేసరికి అన్నీ రద్దవుతాయి, బయటి నుంచి వచ్చిన బలం ఒక్కటే మిగులుతుంది. రెండో వైపు మిగిలేది మొత్తం ద్రవ్యరాశి ఇంటూ ద్రవ్యరాశి కేంద్రపు (వస్తువు బరువంతా సమంగా తూగే బిందువు) త్వరణం. ఈ లెక్క మొదట్నుంచి చివరిదాకా మళ్లీ చూడండి. బలం ఎక్కడ తగిలిందన్న ప్రశ్న ఒక్కచోటా రాలేదు. కర్ర కొసన తగిలినా నడిమధ్య తగిలినా, ద్రవ్యరాశి కేంద్రం ఆ బలం మొత్తానికీ స్పందిస్తుంది.

బలం తగిలిన చోటు లెక్కలోకి వచ్చేది టార్క్ రాసేటప్పుడే. కేంద్రం నుంచి ఆ చోటికి ఉన్న దూరం, దానికి లంబంగా పనిచేసే బలం, ఈ రెండిటి లబ్ధం టార్క్. దాన్ని జడత్వ భ్రామకంతో (తిప్పబోతే వస్తువు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) భాగిస్తే కోణీయ త్వరణం వస్తుంది. ఇక్కడ వాడేదీ పూర్తి బలమే. ఒకే బలం రెండు సమీకరణాల్లోకి పూర్తిగా వెళుతుంది. ఒక దాంట్లో వాడాం కాబట్టి రెండో దాంట్లో తరిగిపోవడం అంటూ ఉండదు.

మరి ఇంటర్‌లో చదివిన 2:1 సంగతేమిటి? అది గతిజ శక్తి వాటా, బలం వాటా కాదు. ఘన స్థూపం జారకుండా దొర్లుతున్నప్పుడు దాని గతిజ శక్తిలో మూడింట రెండు వంతులు ముందుకు కదలడంలో ఉంటాయి, ఒక వంతు తిరగడంలో ఉంటుంది. ఆ నిష్పత్తి రావడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి స్థూపం ఆకారం. రెండోది, జారకూడదన్న షరతు వల్ల దాని వేగమూ కోణీయ వేగమూ ఒకదానికొకటి కట్టుబడి ఉండటం. ఘన గోళమైతే అదే నిష్పత్తి 5:2, పలచని రింగ్ అయితే 1:1. మీ కర్ర నున్నటి నేల మీద జారుతోంది. దాని వేగాన్నీ తిరుగుడునూ ముడివేసే షరతేదీ లేదు. కాబట్టి ఆ నిష్పత్తిని ఇక్కడికి తేవడానికి వీల్లేదు.

ఆ స్థూపం విషయంలో కూడా బలం పంచుకోవడమన్నది జరగలేదు. వాలు వెంట కిందికి లాగే బలంలో మూడో వంతంత ఘర్షణ పైకి పనిచేస్తుంది. ఈ రెండిటినీ కలిపి చూస్తే మిగిలేది మూడింట రెండు వంతులు, కేంద్రం ఆ నికర బలానికి తగ్గట్టే కదులుతుంది. ఆ ఘర్షణే మొత్తంగా టార్క్ ఇచ్చి స్థూపాన్ని తిప్పుతుంది. అంటే ఒకే ఘర్షణ కేంద్రాన్ని నెమ్మదింపజేసే లెక్కలోనూ పూర్తిగా ఉంది, తిప్పే లెక్కలోనూ పూర్తిగా ఉంది. మన పుస్తకాలు ఈ పాఠాన్ని సాధారణంగా శక్తి పద్ధతిలోనే చేసి వదిలేస్తాయి. బలాల బొమ్మ వేసి ఒకసారి, శక్తి పద్ధతిలో ఒకసారి చేయిస్తే మీలాంటి అనుమానం చాలామందికి అక్కడే తీరిపోతుందని నాకు గట్టి నమ్మకం.

ఇక నాలుగు రెట్ల శక్తి. ఈ ప్రశ్నకి మిమ్మల్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి, అనుమానం వస్తే శక్తి లెక్క సరిచూసుకునే అలవాటు ఎందరికో ఉండదు. అంకెలు వేసి చూద్దాం. కర్ర పొడవు 1 మీటరు, ద్రవ్యరాశి 1.2 కిలోలు, అంతటా ఒకే మందం. కేంద్రం చుట్టూ జడత్వ భ్రామకం అంటే ద్రవ్యరాశిని పొడవు వర్గంతో గుణించి 12తో భాగించడం, సరిగ్గా 0.1 వస్తుంది. దీనికి 1.2 న్యూటన్ సెకన్ల ఇంపల్స్ (బలం ఇంటూ అది పనిచేసిన సమయం) ఇద్దాం. కర్ర గుర్తించదగ్గంత తిరిగే లోపే దెబ్బ పూర్తయిందనుకోండి.

మధ్యలో కొడితే కర్ర సెకనుకు 1 మీటరు వేగంతో పోతుంది, శక్తి 0.6 జౌళ్లు. అదే ఇంపల్స్‌ను చివర, కర్రకు అడ్డంగా ఇస్తే కేంద్రం వేగం అప్పుడూ సెకనుకు 1 మీటరే. దాంతోపాటు కోణీయ వేగం సెకనుకు 6 రేడియన్లు వస్తుంది. తిరిగే శక్తి 1.8 జౌళ్లు, మొత్తం 2.4. మీ ప్రోగ్రామ్ చూపిస్తున్న నాలుగు రెట్లు ఇవే. అందులో తప్పేమీ లేదు.

ఆ అదనపు శక్తి ఇచ్చింది మీరే. పని అంటే బలం ఇంటూ బలం తగిలిన చోటు జరిగిన దూరం. కేంద్రం ఎంత జరిగిందన్నది కాదు లెక్క, మీ చెయ్యి ఆనిన చోటు ఎంత జరిగిందన్నది లెక్క. మధ్యలో నెట్టినప్పుడు ఆ చోటు వేగం సున్నా నుంచి 1కి చేరింది, సగటు 0.5. దాన్ని ఇంపల్స్‌తో గుణిస్తే 0.6 జౌళ్లు. చివర నెట్టినప్పుడు ఆ కొస వేగం సున్నా నుంచి సెకనుకు 4 మీటర్లకు చేరింది. 1 కేంద్రానిది, 3 తిరుగుడుది. సగటు 2, గుణిస్తే 2.4 జౌళ్లు. అంకె అంకెకీ సరిపోయింది. బలం అంతే, సమయం అంతే, కానీ చెయ్యి నాలుగు రెట్లు ఎక్కువ దూరం వెంటబడి నెట్టాల్సి వచ్చింది. మీ ప్రోగ్రామ్‌లో "చెయ్యి" అన్నది లేదు. బలం విలువ ఒక అంకెగా ఇచ్చేశారు, అది ఎంత దూరం నడిచిందో ఎవరూ లెక్క అడగలేదు. అందుకే శక్తి గాల్లోంచి పుట్టినట్టు అనిపించింది.

రెండో కొస సంగతి చూశారా? అక్కడ కేంద్రం ఇచ్చే 1లోంచి తిరుగుడు ఇచ్చే 3 తీసేయాలి. ఆ కొస సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఒక కొస ముందుకు, రెండో కొస వెనక్కు పోతుంటే మధ్యలో ఎక్కడో ఒకచోట వేగం సున్నా అయి తీరాలి. అది దెబ్బ తగిలిన కొస నుంచి పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో ఉంటుంది. దెబ్బ తగిలిన క్షణంలో కర్ర మొత్తం ఆ బిందువు చుట్టూ తిరగడం మొదలుపెట్టినట్టే ఉంటుంది. ఇక్కడొక చిన్న ముచ్చట. ఇదే కర్రను ఒక కొస దగ్గర వేలాడదీసి ఊపితే, దాని పొడవులో మూడింట రెండు వంతులున్న సాధారణ లోలకం ఎంతసేపటికి ఒకసారి ఊగుతుందో ఇదీ అంతసేపటికే ఊగుతుంది. అలాంటి లోలకాల లెక్కను డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1673లోనే ప్రచురించాడు. ఊగే కర్రలోనూ దెబ్బ తిన్న కర్రలోనూ ఒకే మూడింట రెండు వంతులు కనబడటం యాదృచ్ఛికం కాదు. రెండు చోట్లా కేంద్రమూ జడత్వ భ్రామకమూ కలిసే ఆ దూరాన్ని నిర్ణయిస్తున్నాయి.

ఇప్పుడు క్యారమ్ బోర్డు. అక్కడ మీరు స్కేలుకి ఇచ్చింది ఒకే ఇంపల్స్ కాదు. ఒకే వేగంతో స్ట్రైకర్ వదిలారు, అంతే. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఎంత ఇంపల్స్ పుడుతుందన్నది తగిలిన చోటు ఎంత మొండిగా ఎదురు నిలుస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. మన 1.2 కిలోల కర్ర కొసకి 1.2 న్యూటన్ సెకన్లు ఇస్తే సెకనుకు 4 మీటర్ల వేగం వచ్చింది కదా. అంటే ఆ కొస దగ్గర కర్ర 0.3 కిలోల వస్తువులా ప్రవర్తిస్తోంది. మధ్యలో తాకితే పూర్తి 1.2 కిలోలుగా ఎదురు నిలుస్తుంది.

సెకనుకు 4 మీటర్ల వేగంతో 0.3 కిలోల బంతి వచ్చి తగిలిందనుకుందాం, ఢీకొనడంలో శక్తి నష్టం లేదనుకుందాం. చివర తగిలితే, సమానమైన 0.3 కిలోల వస్తువును ఢీకొన్నట్టే. బంతి ఉన్నచోటే ఆగిపోతుంది, తన 2.4 జౌళ్లూ కర్రకిచ్చేస్తుంది. ఇంపల్స్ 1.2 న్యూటన్ సెకన్లు, కేంద్రం వేగం సెకనుకు 1 మీటరు. అదే బంతి మధ్యలో తగిలితే తనకన్నా నాలుగు రెట్లు బరువైన వస్తువును ఢీకొన్నట్టు సెకనుకు 2.4 మీటర్ల వేగంతో వెనక్కి తుళ్లుతుంది. వెనక్కి తుళ్లిందంటే ఇంకా ఎక్కువ మొమెంటమ్ (ద్రవ్యరాశి ఇంటూ వేగం) ఇచ్చిందన్నమాట. ఇంపల్స్ 1.92, కర్ర వేగం సెకనుకు 1.6 మీటర్లు. కర్ర శక్తి మాత్రం 1.54 జౌళ్ల దగ్గరే ఆగుతుంది, మిగతాది బంతి వెనక్కి పట్టుకుపోయింది.

కాబట్టి మీ స్కేలు చివర దెబ్బకి నెమ్మదిగా బయల్దేరిందంటే, బలాన్ని తిరుగుడుతో పంచుకోవడం వల్ల కాదు, స్ట్రైకర్ ఇచ్చిన ఇంపల్సే తక్కువ కావడం వల్ల. ఇచ్చిన ఇంపల్స్ మొత్తం ద్రవ్యరాశి కేంద్రానికి అందింది, ఎప్పటిలాగే. మీ అంకెలతో సరిచూసుకోవాలంటే సూత్రం ఇది: తగిలిన చోట కర్ర ఎంత ద్రవ్యరాశిలా ప్రవర్తిస్తుందో దాని విలోమం కావాలంటే, అసలు ద్రవ్యరాశి విలోమానికి, కేంద్రం నుంచి ఆ చోటికి ఉన్న దూరం వర్గాన్ని జడత్వ భ్రామకంతో భాగించగా వచ్చినదాన్ని కలపండి. గేముల ఇంజిన్లు రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు ఇంపల్స్ కట్టడానికి వాడేదీ ఇదే, రెండు వస్తువులకీ చెరొకటి.

తుపాకీ గుండు చెక్క దిమ్మెలో దిగబడి అక్కడే ఉండిపోయే ప్రయోగం గురించి కూడా మిమ్మల్ని ఎవరైనా అడగొచ్చు. కిందినుంచి నిట్టనిలువుగా పేలిస్తే, గుండు మధ్యలో తగిలినా పక్కకి తగిలినా దిమ్మె దాదాపు ఒకే ఎత్తుకి ఎగురుతుంది. పక్కకి తగిలినప్పుడు పైగా గిరగిరా తిరుగుతుంది. గుండు దిమ్మెకన్నా చాలా తేలిక, వెనక్కి తుళ్లదు. రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు తన మొమెంటమ్ మొత్తం ఇచ్చేస్తుంది, అందుకే ఎత్తు ఒకటే. తిరిగే శక్తి ఎక్కడిదంటే, ఢీకొన్నప్పుడు వేడిగా మారే భాగం ఆ మేరకు తగ్గింది.

ఇక ప్రోగ్రామ్‌కి వద్దాం. దృఢ వస్తువు కదలికను ఒక బిందువు జరగడంగా, దాని చుట్టూ తిరగడంగా విడదీయాలంటే ఏ బిందువునైనా తీసుకోవచ్చు. కానీ బలం లెక్కా టార్క్ లెక్కా ఇంత శుభ్రంగా విడివిడిగా నడవాలంటే, గతిజ శక్తి అడ్డ పదాలేవీ (వేగమూ కోణీయ వేగమూ కలగలిసినవి) లేకుండా రెండు ముక్కల కూడికగా రావాలంటే, మీలా ఎటైనా స్వేచ్ఛగా జారే వస్తువుకి ద్రవ్యరాశి కేంద్రాన్నే ఎంచుకోండి. బొమ్మ మధ్య బిందువు కేంద్రం కాకపోవచ్చు. కర్ర బదులు సుత్తి పెట్టిన రోజున ఇది మీకు ఎదురవుతుంది.

ప్రతి అడుగులోనూ బలాలన్నీ కూడి ద్రవ్యరాశితో భాగించండి, టార్కులన్నీ కూడి జడత్వ భ్రామకంతో భాగించండి. ముందు వేగాన్నీ కోణీయ వేగాన్నీ మార్చండి, ఆ కొత్త విలువలతో స్థానాన్నీ కోణాన్నీ మార్చండి. ఈ వరస తిరగేస్తే, స్ప్రింగులు కట్టిన రోజున శక్తి దానంతటదే పెరుగుతూ పోతుంది. స్క్రీన్‌లాంటి సమతలం మీద (2D) టార్క్ అంటే అడ్డు దూరం ఇంటూ నిలువు బలం, అందులోంచి నిలువు దూరం ఇంటూ అడ్డు బలం తీసివేయాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఆ దూరాలు కర్ర మీద గీసుకున్న కొలతలు కావు. కర్ర ఇప్పుడున్న కోణానికి తిప్పిన తర్వాత వచ్చే కొలతలు. తిప్పకుండా వదిలేస్తే కర్ర కాసేపు బాగానే నడిచి, పావు చుట్టు తిరిగాక వింతగా ప్రవర్తిస్తుంది. స్క్రీన్ మీద నిలువు అక్షం కిందికి పెరుగుతుంటే ధన కోణం గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, అది తప్పు కాదు. కర్రను కదలకుండా తిప్పాలంటే రెండు కొసల దగ్గరా సమానమైన, ఎదురెదురు బలాలు ఇవ్వండి. బలాల మొత్తం సున్నా, టార్కులు మాత్రం కలిసిపోతాయి.

బలం దిశ ఎవరితో ఉంటుందో కూడా ముందే తేల్చుకోండి. దూరం నుంచి ఒకే దిశలో తాడుతో లాగుతున్నట్టయితే కేంద్రం తిన్నటి గీత మీద ఒకే త్వరణంతో పోతుంది, కర్ర మాత్రం ఆ గీతకి అటూ ఇటూ లోలకంలా ఊగుతుంది. కొసకి చిన్న రాకెట్ బిగించినట్టయితే కథ పూర్తిగా వేరు. కర్రతోపాటు బలమూ తిరుగుతుంది.

ఈ రాకెట్ కర్ర మీ ప్రోగ్రామ్‌కి మంచి పరీక్ష. కొస దగ్గర కర్రకు లంబంగా 1.2 న్యూటన్ల బలం పెట్టి, నిశ్చల స్థితి నుంచి వదలండి. కేంద్రానికి త్వరణం 1, కోణీయ త్వరణం 6. కర్ర వేగంగా, ఇంకా వేగంగా తిరుగుతుంటే బలం అన్ని దిశలకూ చుట్టి తనను తానే రద్దు చేసుకుంటూ వస్తుంది. కేంద్రం వేగం ఎప్పటికీ పెరుగుతూ పోదు. మొదట నెట్టిన దిశకి 45 డిగ్రీల కోణంలో, సెకనుకు సుమారు 0.51 మీటర్ల దగ్గర స్థిరపడుతుంది. కచ్చితంగా చెప్పాలంటే అది త్వరణం ఇంటూ, π (పై) విలువను కోణీయ త్వరణానికి రెట్టింపుతో భాగించగా వచ్చినదాని వర్గమూలం. టైమ్ స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగుకి పట్టే సమయం) సెకనులో వెయ్యో వంతు పెట్టి పది సెకన్లు నడపండి. చివర్లో ఆ విలువకు 0.02 అటూ ఇటూ లోపల ఊగుతూ కనిపించాలి. బలాన్ని 2:1గా పంచిన పాత ప్రోగ్రామ్‌తో ఈ అంకె రాదు.

ఇది కుదిరాక క్యారమ్ బోర్డు ఘర్షణ కలపండి. అప్పుడు మాత్రం కేంద్రం దగ్గర ఒకే ఘర్షణ బలం పెట్టి ఊరుకోకండి. కర్రను ఓ ఇరవై ముక్కలు చేసి, ఒక్కో ముక్క దగ్గర ఆ ముక్క పోతున్న దిశకి ఎదురుగా దాని వాటా ఘర్షణ ఇవ్వండి. ముక్క వేగం అంటే కేంద్రం వేగానికి తిరుగుడు వల్ల అక్కడ వచ్చే వేగం కలపడమే. ఆ బలాలనూ టార్కులనూ ఎప్పటిలా కూడేయండి. గిరగిరా తిరిగే కర్రలో ముక్కల దిశలు ఎటుబడితే అటు ఉంటాయి కాబట్టి, కేంద్రాన్ని ఆపే ఘర్షణ తిరగని కర్ర కన్నా తక్కువగా వస్తుంది. అందుకే స్కేలు ఆగేలోపు పోయిన దూరాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు. మీ ఉత్తరంలో "నెమ్మదిగా బయల్దేరింది" అని మొదటి వేగాన్ని గమనించి రాశారు, సరిగ్గా చూడాల్సింది అదే. వీలైతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, స్ట్రైకర్ తగిలిన వెంటనే వచ్చే నాలుగైదు ఫ్రేముల్లో స్కేలు మధ్య గీత ఎంత జరిగిందో కొలిచి, ప్రోగ్రామ్ ఇచ్చే అంకెతో పోల్చి చూడండి.